చుక్క

పదకొండు రిజిస్టర్లు.
అట్టలు ఊడినయి, దారం తెగినయి. ఒకదాని వీపుకు
పట్టీ వేసింది నేనే,
డ్రెస్సింగ్ గదిల మిగిలిన ప్లాస్టర్‌తోని.
భోలక్‌పూర్ గల్లీల వాసన ఇంకా పోలేదు వాటికి:
తోళ్ల ఉప్పు, వాన, అయోడిన్.

సోమవారం కొత్త పిల్లగాడొచ్చిండు. పేరు లోహిత్.
చేతిల ట్యాబు, మెడల కార్డు, మాటల మర్యాద.
"మీరు చదవండి మేడం, నేను కొడత."

చదివిన.
జహంగీర్ బీ, బీపీ నూట అరవై, మాత్రలు ఇచ్చిన.
"పుట్టిన తేదీ?"
కర్ఫ్యూ ఎత్తేసిన మర్నాడు, అని ఉంది నా రాతల.
ట్యాబుకు కర్ఫ్యూ తెల్వదు.
జనవరి ఒకటి పెట్టు బిడ్డా, అన్న.
పొద్దుమూకేసరికి
మా బస్తీ ముసలోళ్లంత ఒక్క రోజే పుట్టిండ్రు.
కేకు కోయాలంటే గల్లీ సరిపోదు.

"ఇంటి నంబరు?"
పంపు దాటినంక నీలం డ్రమ్ము, మేక కట్టేసిన గడప.
మేక బక్రీదుకు పోయింది, గడప అట్లనే ఉన్నది అంటే
నవ్విండు.
కిందికి జారే జాబితాల మేక లేదు.

కోపం రాలేదా అంటే వచ్చింది.
పద్దెనిమిదేండ్లు ఎండల తిరిగి రాసింది
ఈ పోరడు మూడు రోజుల్ల మింగేస్తుండని.

బుధవారం మాత్రం ఒకటయింది.
మూడేండ్ల కింద ఎర్ర సిరతోని నేను కొట్టేసిన పిల్లడు,
ఫైజాన్, "ఇల్లు ఖాళీ చేసిండ్రు, జాడ లేదు" అని రాసి మూసేసినోడు,
తల్లి ఆధార్ కొట్టంగనే తెర మీద లేచి కూసున్నడు.
బోరబండల ఉన్నడట. బూస్టరు కూడ పడ్డదట.
సూది వేసినామె పేరు రేణుకాబాయి.
ఆమెను నేనెన్నడు చూడలే.
నేను విడిసిన కాడ్నే అందుకున్నది.
లోహిత్‌కు చాయ్ తెప్పించిన, ఉస్మానియా బిస్కెట్లు కూడ.

గురువారం అడిగిండు:
"కొన్ని పేర్ల పక్కన ఈ చుక్కేంది మేడం?"
"సిర పడ్డది."
"పెన్సిల్ చుక్క కదా..."
"కిందిది చదువుత, కొట్టు."

చుక్కంటే,
అత్తకు తెల్వకుంట గోలీలు మింగే కోడలు.
ఆ గడపల పేరు పెట్టి పిలవొద్దు.
గోలీల పట్టీ ఓఆర్ఎస్ ప్యాకెట్ల నడుమ పెట్టి ఇయ్యాలె.
బరువు చూస్త రా అని తెర వెనక్కి తీస్కపోయి
గప్పుడు మాట్లాడాలె.
బడి నేర్పని అక్షరం అది, నేను పుట్టిచ్చుకున్నది.
తనిఖీకి వచ్చిన పెద్ద మేడం
దాని మీదికెల్లే సంతకం చేసి పోయింది.

ట్యాబుల చుక్క లేదు.
కుటుంబ నియంత్రణ: అవును, కాదు.
అవునంటే నెల నెల మెసేజ్ పోతది
ఇంట్ల ఉన్న ఒక్క ఫోనుకు.
అది మొగని జేబుల ఉంటది,
లేకుంటే అత్త దిండు కింద.
కాదంటే గోలీలు స్టాకుల రావు.

ఆ రాత్రి ఫ్యాను చప్పుడు వినుకుంట పండుకున్న.

శుక్రవారం లోహిత్ బువ్వకు పోయిండు.
ట్యాబు ముందటేసుకున్న.
ఒక్క వేలితోని, ఒక్కొక్క అక్షరం.
నఫీసున్నిసా. అవును.
అనసూయ. అవును.
ఫోను నంబరు గడిల నా నంబరు.
మూడో పేరుకు అది ఆగింది:
ఈ నంబరు ఇదివరకే వేరే లబ్ధిదారు పేరున ఉంది,
కొనసాగించాలా?
అవును.
నాలుగో పేరుకు మళ్ల అడిగింది. అవును.
పదమూడు పేర్లు అయ్యేదాంక అడుగుతనే ఉన్నది,
మాట వినని పిల్లను అడిగినట్టు.

తల ఎత్తి చూస్తే ఎనుక నిలబడ్డడు లోహిత్,
చేతుల టిఫిను డబ్బా.
తెర చూసిండు. నన్ను చూసిండు.
ఏమన్లే.
జేబుల కెళ్లి రుమాలు తీసి
తెర మీది నా వేలిముద్రలు తుడిచిండు.

ఒకటో తారీఖుకు ఇంకా వారమున్నది.
ఫోను చార్జింగుల పెట్టిన.